ఒకే క్లాసులో తల్లీ కూతురూ

"వెన్న ఇటు జరపమని నీ కోడలికి చెప్పు, వవో," అంది మరీసా.

వెన్నగిన్నె ఇదలీనా మోచేతి పక్కనే ఉంది. తల్లికీ కూతురికీ మధ్య ఒక కాఫీ కప్పు, తియ్యరొట్టె ముక్కలున్న పళ్ళెం తప్ప మరేమీ లేవు. అయినా ఆ మాట ముందు వవో దగ్గరికి, అంటే నానమ్మ దగ్గరికి వెళ్ళాలి. నానమ్మ దాన్ని కోడలికి అందించాలి. కోడలు వెన్న జరపాలి. పోయిన వారం నుంచీ ఆ ఇంట్లో మాటలు అలా చుట్టు తిరిగే వెళ్తున్నాయి.

"వెన్న కావాలట," అంది నానమ్మ దియొలిందా.

ఇదలీనా గిన్నెని వేలితో అటు నెట్టింది. కూతురి మొహం చూడలేదు.

"ఇచ్చింది. కానీ మొహం మాత్రం వేపకాయలా పెట్టింది," అని దియొలిందా మనవరాలికి జవాబు చేరవేసింది. ఈ వయసులో మీ మధ్య రాయబారాలు మోయలేనని రోజూ మొత్తుకుంటుంది గాని, నిజం చెప్పాలంటే ఆ ముసలావిడకి ఇందులో కాస్త సరదాగానే ఉంది. ఎన్నేళ్ళ తరవాతో ఇంట్లో అందరూ ఆమెతోనే మాట్లాడుతున్నారు మరి.

మరీసా తండ్రి గిల్ అప్పుడే పాలు పితికే కొట్టం నుంచి వచ్చి, గుడ్లూ లింగ్విసా సాసేజీ ముక్కలూ పళ్ళెంలో వేసుకున్నాడు. ఆడవాళ్ళ తగాదాలు నవంబరు పొగమంచు లాంటివనీ, పొద్దెక్కితే వాటంతట అవే విడిపోతాయనీ అతని నమ్మకం. ఇది మాత్రం విడిపోలేదు. తలెత్తకుండా తిని, దూడలకి పాలు ఎవరు పడతారో అడిగి, మళ్ళీ వెళ్ళిపోయాడు.

"ఇవాళ బుధవారం కదే. నీ కాలేజీ క్లాసు లేదూ?" అని దియొలిందా మనవరాలిని అడిగింది. అడగాల్సింది ఇదలీనా. అడగలేదు గనక ముసలావిడే అడిగింది.

"మానేశానన్నాగా. బళ్ళో కౌన్సెలరమ్మతో చెప్పేశాను. ఆవిడ సరే, ఆ టైములో లైబ్రరీలో కూర్చోమంది. ఆ పీడ వదిలింది," అంది మరీసా. ఆ ఆఖరి మాట మాత్రం నానమ్మకి కాదు. గొంతు కొంచెం పెంచి అంది.

ఇదలీనా కప్పు తీసుకుని లేచింది. ఆ పీడ తనేనని ఆమెకి తెలుసు.

ఆగస్టులో ఇలా లేదు. మరీసా హైస్కూల్లో ఆఖరి ఏడాది. ఆ పాడి పల్లెల్లో కాస్త చురుకైన పిల్లలందరిలాగే మధ్యాహ్నం బడి టైములోనే కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి క్లాసు చదివితే, అదే చదువు బళ్ళోనూ లెక్కకొస్తుంది, కాలేజీలోనూ లెక్కకొస్తుంది. ఇదలీనా వృద్ధుల ఆశ్రమంలో పంతొమ్మిదేళ్ళుగా ముసలివాళ్ళకి స్నానాలు పోసి, అన్నాలు తినిపించి, పక్కలు మారుస్తోంది. నర్సు కావాలని ఆమెకి ఆ పంతొమ్మిదేళ్ళ నుంచీ ఆశ. నర్సు చదువులో అడుగు పెట్టాలంటే ముందు అనాటమీ నెగ్గాలి. మధ్యాహ్నం పూట అనాటమీ క్లాసు ఒక్కటే ఉంది. తల్లీ కూతురూ అందులోనే వచ్చి పడ్డారు. చర్చిలో అందరూ ముచ్చటపడ్డారు. గిల్ ఇద్దరినీ కారు పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు.

మొదటి పరీక్ష మార్కులు వచ్చాక ఆ ఫొటో వైపు ఇదలీనా మళ్ళీ చూడలేదు.

క్లాసు చెప్పే బగ్దసారియన్ మాస్టారిది ఒక పాత పద్ధతి. అందరిలోకీ ఎక్కువ మార్కులు ఎవరికొస్తే వాళ్ళని నూటికి నూరుగా పెట్టుకుని, మిగతావాళ్ళని ఆ కొలతతో కొలుస్తాడు. పై మార్కు డెబ్భై అయితే డెబ్భయ్యే నూరు, అందరూ బతికిపోతారు. మరీసాకి తొంభై ఎనిమిది వచ్చింది. రెండో పరీక్షలో తొంభై ఏడు. ఇంక ఎవరికీ దయలేదు, దాక్షిణ్యం లేదు. వెనక బల్లమీద కూర్చునే నలభై దాటిన ఆడవాళ్ళు ఆ పిల్లకి "కొలత చెడగొట్టేది" అని పేరు పెట్టారు. పేరు పెట్టినప్పుడు ఇదలీనా కూడా వాళ్ళతో పాటు నవ్వింది. నవ్వాక గాని ఎవరి గురించి నవ్విందో తట్టలేదు.

ఇదలీనాకి ఇది రెండో సారి. మొదటిసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది, నర్సు చదువుకి అవి చాలవు. మూడో సారి కాలేజీ ఒప్పుకోదు. ఆమెకి ఈ ఒక్క క్లాసులో మంచి మార్కు రాకపోతే ఆశ్రమంలోనే ముసలిదై, చివరికి అక్కడే ఒక మంచం ఎక్కుతుంది. మరీసాకి నర్సు కావాలని కూడా లేదు. ఒక సైన్సు క్లాసు అయిపోతుందని చేరింది. టీవీ ముందు కాళ్ళు బార్లా చాపి, బఠాణీలు తింటూ ఎముకల పేర్లు చదువుతుంది. తల్లి తెల్లవారకుండానే లేచి స్నానాలగదిలో తలుపేసుకుని అవే పేర్లు బట్టీ పడుతుంది. అద్దానికీ, సబ్బు పెట్టెకీ చీటీలు అంటించుకుంది. అయినా రావు. వచ్చినవి పరీక్షలో పోతాయి.

కన్నకూతురి మీద కుళ్ళు. ఇదలీనా దానికి ఇంకో పేరు పెట్టాలని చాలా పెనుగులాడింది. అలసట అనుకుంది. వయసు అనుకుంది. పిల్ల పొగరు అణచాలనుకుంది. ఏ పేరు పెట్టినా ఆ మంట మాత్రం కడుపులో అదే చోట మండింది. పిల్లకి పాలిచ్చిన తల్లికి ఆ పిల్ల తెలివి చూస్తే ఒళ్ళు మండటమేమిటని తనని తాను తిట్టుకుంది. తిట్టుకున్నా మంట చల్లారలేదు.

పోయిన వారం ల్యాబులో ఆ మంట బయటపడింది. మందులో నానబెట్టిన పిల్లి కళేబరం మీద కండరాలు గుర్తుపట్టి సూదులు గుచ్చాలి. ఇదలీనా గుచ్చింది. "అది కాదమ్మా, దాని పక్కది," అని మరీసా అందరి ముందూ ఆ సూదిని పీకి పక్కన గుచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్లదాని మనసులో ఏ పాపమూ లేదు. అదే ఇంకా కాల్చింది.

ఇంటికి వచ్చే దారిలో కారు నడుపుతూ ఇదలీనా, "నువ్వు ఆ క్లాసులో లేకపోతే నేను ఎప్పుడో ఒడ్డున పడేదాన్ని," అంది.

మరీసా కిటికీ వైపు తిరిగింది. "అయితే రాను. సరేనా?" అంది.

అప్పుడు తల్లి అనేవాళ్ళు ఛ, ఏం మాటలవి అంటారు. ఇదలీనా గేరు మార్చింది.

* * *

ఆ బుధవారం మధ్యాహ్నం క్లాసులో మాస్టారు పేర్లు పిలిచాడు.

"ఇదలీనా అవీలా."

"ఉన్నానండీ."

"మరీసా అవీలా."

ఎవరూ పలకలేదు. ఆయన కళ్ళజోడు మీంచి ఒకసారి ఖాళీ కుర్చీ వైపు చూసి, ఏదో గీత గీసుకుని, తరవాతి పేరుకి వెళ్ళాడు.

ఇదలీనా కూడా ఆ కుర్చీ వైపు చూసింది. మానేసిన పిల్ల పేరు ఎందుకు పిలుస్తాడు? పొద్దున కూతురన్న మాట గుర్తొచ్చింది. కౌన్సెలరమ్మతో చెప్పేశాను. అప్పుడు అర్థమైంది ఆమెకి. బళ్ళో అయితే అంతే చాలు. పిల్ల ఒక క్లాసు వద్దంటే ఆఫీసువాళ్ళే చూసుకుంటారు, రాకపోతే ఇంటికి ఫోను చేస్తారు, తల్లి చెవులు చిల్లులు పడేదాకా చేస్తారు. కాలేజీ అలా కాదు. ఎవరి పేరు వాళ్ళే తీసుకోవాలి. తీసుకోకుండా రావడం మానేస్తే పేరు అలాగే ఉండి, డిసెంబరులో దాని పక్కన ఫెయిలని పడుతుంది. బడి నుంచి వచ్చే పిల్లలు ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే.

ఆమె మనసు చదివినట్టే మాస్టారు పుస్తకం మూసి చెప్పాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. మానుకునేవాళ్ళు ఎవరికి వాళ్ళు కాలేజీ వెబ్‌సైటులోకి వెళ్ళి పేరు తీసేసుకోవాలి. అలా తీసుకుంటే మచ్చ ఉండదు. ఐదు దాటాక దేవుడు దిగొచ్చినా తాను ఏమీ చేయలేడు.

తరవాత మూడో పరీక్ష కాగితాలు పంచాడు. ఆ పరీక్ష సోమవారం జరిగింది, మరీసా లేకుండా.

ఇదలీనా కాగితం తిప్పి చూసింది. ఎనభై ఎనిమిది. పక్కన ఎర్రసిరాతో మాస్టారు నూరు అని వేశాడు. అంటే క్లాసులో పై మార్కు తనదే. ఈసారి కొలత తనే.

వెనక బల్ల ఆడవాళ్ళు ఆమె వీపు తట్టారు. తోడు కూర్చునే రొజెండా, "చూశావా, ఆ పిల్ల లేకపోయేసరికి మనందరికీ ఊపిరాడింది," అంది. అని, ఆ పిల్ల ఎవరి పిల్లో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ఇదలీనా పరవాలేదన్నట్టు నవ్వింది. పరవాలేదు కాదు. చాలా బాగుంది. నలభై రెండేళ్ళు వచ్చాక, జన్మలో మొదటిసారి ఒక గదిలో అందరికంటే ముందుంది. ఆ సంతోషం ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని చూసి ఆమెకే భయం వేసింది.

క్లాసు అయ్యాక ఆమె మాస్టారి బల్ల దగ్గర ఆగింది. మరీసా విషయం అడగాలని నోరు తెరిచింది. మాస్టారు మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక విద్యార్థి సంగతి ఇంకో విద్యార్థితో నేను మాట్లాడకూడదండీ. కన్నతల్లి అయినా సరే. చట్టం అలా ఉంది. ఆమెనే వచ్చి అడగమనండి."

"అలాగేనండీ," అంది ఇదలీనా.

బయటికి వచ్చి కారెక్కాక, తనకి ఊరటగా ఉందని గ్రహించింది. మాస్టారు చెప్పనన్నాడు, కాబట్టి తనకీ ఏమీ తెలియనట్టే. ఇంత నీచంగా ఆలోచిస్తున్నది తనేనా అని అద్దంలో చూసుకుంది. తనే.

* * *

గురువారం సాయంత్రానికి ఆమె చెప్పేద్దామనే నిశ్చయించుకుంది. ఆశ్రమంలో రోజంతా చేతులు ఒకచోట, మనసు ఒకచోట. పిల్ల యూనివర్సిటీలకి దరఖాస్తులు పెట్టేది ఈ నెలాఖరునే. కాలేజీలో ఫెయిలు పడితే అది బళ్ళోనూ పడుతుంది, ఏ యూనివర్సిటీ అయినా ముందు దాన్నే చూస్తుంది. ఎప్పటికీ చెరగదు. ఒక్క మాట చెబితే పోయేది.

ముందు మొగుడితో చెప్పి, అతని చేత కూతురికి చెప్పించాలనుకుంది. ఎదురుగా నిలబడి పిల్లతో మాట్లాడాలంటే ఆమెకి నోరు పెగలడం లేదు. గిల్ కొట్టం బయట గొట్టంతో బూట్లు కడుక్కుంటున్నాడు. పచ్చి మేత వాసన, పేడ వాసన, మంచు కలిసి గాలి చిక్కగా ఉంది. ఆమె మూడో పరీక్షలో మొదట వచ్చానని చెప్పింది. ముందు ఆ మాటే నోట్లోంచి వచ్చింది. దాచుకోలేకపోయింది.

"బాగుంది," అన్నాడు గిల్ బూటు తిప్పి చూసుకుంటూ.

అంతే. ఆమె ఇంకా ఏమైనా అంటాడేమోనని ఎదురుచూసింది.

అన్నాడు. "కానీ ఇదా, నాకు ఒకటి అర్థం కావట్లేదు. మీ ఇద్దరిలో ఒకళ్ళు ఆపాల్సి వస్తే నువ్వు ఆపాల్సింది కదా. దానికి ముందు బతుకంతా ఉంది. నీకు ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది. ఇప్పుడు నర్సువి కాకపోతే మాత్రం మునిగిపోయిందేముంది?"

చెడ్డ మనిషి కాదు గిల్. ఆ మాట అన్న వెంటనే, సాయంత్రం అమ్మ సూపు చేసింది, వేడిగా ఉండగా తిను అని కూడా అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆమెని చెయ్యెత్తి కొట్టలేదు, గొంతెత్తి తిట్టలేదు. ఒక్క మాటతో పంతొమ్మిదేళ్ళ ఆశని బూటు మట్టితో పాటు కడిగేశాడు, తను కడిగినట్టు కూడా అతనికి తెలియదు.

ఇదలీనా గొంతు దాకా వచ్చిన కూతురి విషయం మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. అందరికీ పిల్ల బతుకే బతుకు. పిల్ల నవ్వితే ముచ్చట, పిల్ల చదివితే గొప్ప, పిల్ల మానేసినా తప్పు తనదే. సరే అలాగే కానీ అనుకుంది. ఆ మహాతెలివి గల పిల్ల తన తెలివితోనే తెలుసుకోవాలి గడువు ఎప్పుడో.

ఆ రాత్రి సూపు తాగేటప్పుడు మరీసా, ఉప్పు కావాలని నానమ్మ ద్వారా అడిగింది. ఇదలీనా ఉప్పు అందించింది. అందించి, బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళింది.

* * *

శుక్రవారం ఆశ్రమం నుంచి ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. పొగమంచు అప్పుడే పొలాల మీద నుంచి లేచి రోడ్డు మీదికి వస్తోంది. వంటింట్లో దియొలిందా బల్ల మీద మోచేతులు పెట్టుకుని కూర్చుంది. మెడలో జపమాల, చేతిలో మరీసా టాబ్లెట్టు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పళ్ళెంలా పట్టుకుంది.

"పిల్ల నాకు చదివి వినిపించింది," అంది ఉత్సాహంగా. "యూనివర్సిటీకి రాసింది. ఎవరి గురించి రాసిందో తెలుసా? నీ గురించి. మా అమ్మ పొద్దున ముసలివాళ్ళని చూసుకుని మధ్యాహ్నం నాతో పాటు క్లాసుకి వస్తుంది అని రాసింది. నాకు ఏడుపొచ్చింది. నా గురించి ఒక్క ముక్క లేదు, అది వేరే సంగతి."

ఇదలీనా చేతిసంచి కింద పెట్టలేదు. "అది ఎప్పుడు రాసింది?"

"ఎప్పుడో సెప్టెంబరులో రాసిందట. ఇప్పుడు మార్చాలంటోంది. ఆ భాగం అబద్ధమైపోయింది కదా వవో, నేనిప్పుడు వెళ్ళట్లేదుగా అంది. నేను వద్దన్నాను. దూడల దగ్గరుంది."

ఇదలీనా కాళ్ళు తమంతట తామే వెనక తలుపు వైపు నడిచాయి. పొయ్యి మీద గడియారం చూసింది. ఐదుకి ఇంకా పావుగంట ఉంది. పిల్ల తనని గురించి మంచి రాసిందనా, పిల్ల మునిగిపోతుందనా, ఎందుకు పరిగెడుతోందో ఆమెకి తెలియలేదు. పరిగెత్తింది, అంతే.

తెల్లటి దూడల గూళ్ళ వరస చివర మరీసా రెండు చేతుల్లో రెండు పాల సీసాలు పట్టుకుని నిలబడి ఉంది. రెండు దూడలూ కుమ్ముతూ తాగుతున్నాయి.

"మరీసా."

పిల్ల అలవాటు కొద్దీ నానమ్మ కోసం అటూ ఇటూ చూసింది. "వవో ఇక్కడ లేదు," అంది.

"నీతోనే చెప్పాలి. నీ పేరు ఇంకా క్లాసులో ఉంది."

"లేదు. కౌన్సెలరమ్మకి చెప్పాను."

"ఆవిడకి చెబితే సరిపోదు. కాలేజీలో నీ అంతట నువ్వే తీసుకోవాలి. ఇవాళ ఐదింటిలోగా. లేకపోతే ఫెయిలు పడుతుంది. బళ్ళో కూడా పడుతుంది."

మరీసా సీసాలు రెండూ తల్లి చేతుల్లో పెట్టి, ప్యాంటుకి చేతులు తుడుచుకుని ఫోను తీసింది. "వాళ్ళు నాకేం పంపలేదే," అంది.

"కాలేజీ ఈమెయిలుకి పంపుంటారు."

"అది నేను ఎప్పుడు చూశాను?" అంది పిల్ల. పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఒకసారి తప్పు కొట్టింది, రెండోసారి తప్పు కొట్టింది. మూడోసారి తెరుచుకుంది. చదవని ఉత్తరాలు వరసగా వచ్చి పడ్డాయి. వాటిని దాటుకుంటూ వెళ్ళి క్లాసు పేరు పట్టుకుంది. దాని కింద, మానుకుంటున్నాను అని నొక్కే చోటు ఉంది. బొటనవేలు దాని మీదికి వెళ్ళి ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది తల తిప్పకుండా.

అబద్ధం ఆడొచ్చు. ఇప్పుడే తెలిసిందని అనొచ్చు. దూడ సీసాని గుంజుతోంది.

"బుధవారం," అంది ఇదలీనా.

"ఇవాళ శుక్రవారం."

"అవును."

"మొన్న తెలిసి, ఇవాళ చెబుతున్నావు. పావుగంట ముందు." మరీసా అరవలేదు. అరిస్తే బాగుండునని ఇదలీనాకి అనిపించింది. "ఎందుకమ్మా?"

"చెప్పలేకపోయాను."

"ఎందుకు చెప్పలేకపోయావు?"

దీనికి జవాబు అంత కష్టమేమీ కాదు. ఇదలీనా నేల వైపు చూస్తూ చెప్పేసింది. "నీ మీద కుళ్ళు. నాకు ఎంత చదివినా రానిది నీకు తింటూ కూర్చుంటే వస్తుంది. నువ్వు లేనప్పుడు నేను మొదట వచ్చాను. అది బాగుంది. ఇంకొంచెం రోజులు ఉంటే బాగుండునని అనిపించింది."

మరీసా ఫోనుని ఇంకో చేతిలోకి మార్చుకుంది. పేడ ఎత్తే ట్రాక్టరు ఎక్కడో మంచులో వెనక్కి వెళ్తూ కూత పెట్టింది.

"ఇది నొక్కితే?" అంది చివరికి.

"ఏమీ అవదు. మానుకుంది అని ఉంటుంది. మచ్చ కాదు."

"నొక్కకపోతే?"

"సోమవారం నుంచీ రావాలి. పరీక్ష ఒకటి పోయింది, పరవాలేదు, మాస్టారు అందరికీ ఒక పరీక్ష లెక్కలోంచి తీసేస్తాడు. ల్యాబులు రెండు పోయాయి. అవి మళ్ళీ పెట్టరు. మిగతావన్నీ తప్పు లేకుండా చెయ్యాలి. చెయ్యలేకపోతే మార్కు పడిపోతుంది, అప్పుడు తీసుకోవడానికి కూడా ఉండదు. నొక్కెయ్ తల్లీ. టైమైపోతోంది."

"నేను నొక్కితే ఆఖరి పరీక్షలో కూడా నువ్వే మొదట వస్తావు."

"దానికోసం కాదు."

"మరి ఎవరికోసం నొక్కమంటున్నావు? నాకోసమా, నీకోసమా?"

నీకోసమే అనాలి. ఏ తల్లయినా అదే అంటుంది. ఇదలీనా నోరు తెరిచింది. పిల్ల నిజంగానే మునిగిపోతుందని భయంగా ఉంది. పిల్ల తిరిగి వచ్చి మళ్ళీ ముందు కూర్చుంటుందని కూడా భయంగానే ఉంది. రెండు భయాల్లో ఏది పెద్దదో లోపల వెతికింది. తేలలేదు.

"తెలీదు," అంది.

మరీసా తలూపింది. ఆ ఒక్క మాటే ఆమెకి కావాల్సినట్టు, లేక ఆ ఒక్క మాటే వినకూడదనుకున్నట్టు, ఎలాగైనా అనుకోవచ్చు. ఫోను వెలుగులో పిల్ల మొహం చిన్నదిగా కనిపించింది. ఏడుస్తుందేమో అనుకుంది ఇదలీనా. ఏడవలేదు. అలాగే తెర వైపు చూస్తూ నిలబడింది. ఇదలీనా ఒకసారి "మరీసా" అంది. ఇంకోసారి అంది. దూడలు సీసాలు ఖాళీ చేసి చప్పరిస్తూనే ఉన్నాయి. తెర మీద నొక్కే చోటు రంగు మారి బూడిదగా అయిపోయింది. ఐదయింది.

"సోమవారం కారు దగ్గర ఉంటాను," అంది మరీసా, ఫోను జేబులో పెట్టుకుంటూ. "నాకోసం ఆగు."

ఇల్లు వైపు రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. గొంతులో కోపం లేదు, చనువూ లేదు. క్లాసులో పక్కబల్ల మనిషిని అడిగినట్టు అడిగింది. ఇద్దరికీ కలిపి కొన్నది ఒక్కటే పుస్తకం.

"పుస్తకం నీ గదిలోనే ఉందిగా. నేను చాలా చదవాలి. ఈ రెండు రోజులూ నాకిస్తావా?"

ఖాళీ సీసాలు ఇదలీనా చేతుల్లో చల్లబడ్డాయి. తీసుకో తల్లీ అనే మాట నాలిక చివర దాకా వచ్చింది.

"నాకింకా అవలేదు," అంది.